మూడో వరుసలో ఇల్లు

వీధిలో అందరికీ అతను కెప్టెన్‌గారు. మందుల షాపాయన, ఇస్త్రీ బండివాడు, ఎదురింట్లో ఉండే రిటైర్డ్ హెడ్‌మాస్టరు, అందరిదీ అదే పిలుపు. నెలలో ఎనిమిది రోజులకు మించి ఆ వీధిలో కనిపించని మనిషికి ఇంత మర్యాదేమిటని ఎవరూ అనుకోలేదు. అప్పుడప్పుడూ కనిపించేవాళ్ళకే మర్యాదలు. రోజూ కనిపించే మొగుళ్ళను ఏ వీధి పట్టించుకుంది గనక!

అతనూ రోజూ కనిపించిన కాలం ఒకటుంది. అప్పుడు చిన్న కంపెనీలో పనిచేసేవాడు. రెక్కలకు పంకాలుండే చిన్న విమానాలు, యాభై మంది ఎక్కితే నిండిపోయేవి. విమానాశ్రయం ఇంటికి స్కూటరు మీద పన్నెండు నిమిషాలు. తెల్లారి వెళ్ళి నాలుగు ఊళ్ళు తిరిగి మధ్యాహ్నానికి దిగేవాడు. విమానం ఇంటి మీదుగా దిగుతుంటే ఆ చప్పుడు విని భార్య కుక్కరు పెట్టేది. అది మూడో కూత వేసి, ఆవిరి చల్లారేసరికి గేటు దగ్గర స్కూటరు ఆగేది. జీతం పెద్దగా ఉండేది కాదు. నెలాఖరుకు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. అయినా ఆ ఇంట్లో నవ్వుకు కరువుండేది కాదు.

కూతురికి నాలుగేళ్ళప్పుడు నత్తి మొదలైంది. ఇంట్లో ఆ పిల్లను గువ్వ అనేవాళ్ళు. అంతవరకూ గలగలా మాట్లాడిన పిల్ల ఉన్నట్టుండి 'ప' దగ్గరా 'త' దగ్గరా ఆగిపోయి, కళ్ళు గట్టిగా మూసుకుని, మాటతో కుస్తీ పట్టేది. భార్య తట్టుకోలేకపోయేది. పిల్ల "ప... ప..." అనగానే "పలకా? పాలా? పంచదారా?" అని ఒక్కొక్కటీ అందించేది. ప్రేమతోనే అందించేది పాపం. కన్నతల్లికి ఆగడం చేతకాలేదు.

మాటల వైద్యురాలు ఒకావిడ ఉండేది. నెరిసిన జుట్టు, మేజా నిండా బొమ్మల పుస్తకాలు. మొదటి రోజే ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకే ఒక్క మాట చెప్పింది.

"మీరు పాపకి మాట అందించకండి. ఎంతసేపైనా సరే, ఆగండి. మీరు అందించిన ప్రతిసారీ, నీ వల్ల కాదు అని పాపకి చెప్పినట్టే."

ఆగడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. రన్‌వే ఖాళీ అయ్యేదాకా, పొగమంచు విడిచేదాకా, కంట్రోల్ టవరు వాళ్ళు దయ తలచేదాకా ఆగడమే కదా సగం ఉద్యోగం! పిల్ల మాట కోసం తంటాలు పడుతుంటే ఎదురుగా గొంతుక్కూర్చుని, గడియారం వైపు చూడకుండా, తల ఊపకుండా, తొందర మొహం పెట్టకుండా అలా ఉండిపోయేవాడు. ఒకసారి 'తాబేలు' అన్న మాటకు ఒక నిమిషం పైన పట్టింది. కూర మాడింది గానీ అతను కదల్లేదు.

ఆ తర్వాత ఒక ఆట కనిపెట్టాడు. విమానంలో పైలట్లిద్దరూ ప్రతి పనికి ముందూ చెక్‌లిస్టు చదువుతారు. ఒకరు వస్తువు పేరు చెబితే రెండోవాళ్ళు చూసి, జవాబు చెప్పాలి. ఆఖరున 'చెక్‌లిస్ట్ పూర్తయింది' అనాలి. అతను ఒక చిన్న నోటుబుక్కులో ఇంటి చెక్‌లిస్టు రాశాడు. పిల్ల ఒక్కో వరుస కిందా బొటనవేలు పెట్టుకుని చదివేది.

"లైసెన్స్?"

"ఉంది."

"మెడికల్ కాగితం?"

"ఉంది."

"కళ్ళజోడు?"

"రెండున్నాయి."

"తిరిగి రాక?"

"మధ్యాహ్నం రెండింటికి."

"చెక్‌లిస్ట్ పూర్తయింది!"

ఒక్క అక్షరం తడబడేది కాదు. అడగడం, ఆగడం, జవాబు వినడం, మళ్ళీ అడగడం. ఆ తూకంలో పడితే నత్తి అడ్డం రాదని వైద్యురాలు చెప్పింది. రోజూ చేయించండి, కొన్నేళ్ళు పడుతుంది, మానకండి అంది. మొత్తం చెక్‌లిస్టులో కూతురికి బాగా ఇష్టమైన వరుస ఆఖరిదే. ఇంట్లోంచి అతను కదిలాడంటే ఆ ప్రశ్న అడిగి తీరాలి.

గువ్వకు ఆరేళ్ళప్పుడు పెద్ద కంపెనీ నుంచి పిలుపొచ్చింది. పెద్ద జెట్ విమానాలు, దాదాపు రెట్టింపు జీతం. కాకపోతే బేస్, అంటే డ్యూటీ మొదలయ్యే ఊరు, రెండు గంటల విమాన ప్రయాణమంత దూరం. ఆ ఊరికి మారిపోదామంటే భార్యకు ఇక్కడ స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం, పిల్లకు ఇక్కడే వైద్యురాలు. అక్కడి అద్దెలు వింటేనే కళ్ళు తిరిగాయి. అటూ ఇటూ తిరుగుతూ పనిచేసేవాళ్ళు కంపెనీలో సగం మంది ఉన్నారని అతను చెప్పాడు.

"జీతం పెరుగుతుంది సరే, మీరు తరిగిపోతారు కదండీ," అంది భార్య.

"రెండేళ్ళు ఓపిక పట్టు. సీనియారిటీ వస్తే ఇక్కడికే బేస్ మార్పించుకుంటాను. అప్పుడు జీతమూ ఉంటుంది, నేనూ ఉంటాను."

అవ్వా కావాలి, బువ్వా కావాలి. అనుకోవడానికి ఏం, ఎవరైనా అనుకుంటారు.

అలా వెళ్ళిరావడం ఎలా ఉంటుందో బయటివాళ్ళకు తెలియదు. పైలట్ కదా, గాల్లో ఎగురుకుంటూ వచ్చేస్తాడనుకుంటారు. నిజానికి అతను కౌంటరు ముందు నిలబడి, టికెట్టు కొన్న చివరి ప్రయాణికుడు కూడా ఎక్కాక ఏ సీటన్నా మిగిలిందేమో చూసుకోవాలి. మిగిలితే ఎక్కాలి, లేకపోతే తర్వాతి విమానం. అదీ నిండితే మర్నాడు. డ్యూటీకి ఆలస్యమైతే ఉద్యోగానికే ముప్పు కాబట్టి ఒక రోజు ముందే బయలుదేరాలి. డ్యూటీ అయ్యాక సీటు దొరికేసరికి ఇంకో రోజు. కంపెనీ నెలకు ఇచ్చే పన్నెండు సెలవుల్లో నాలుగు విమానాశ్రయపు కుర్చీల్లోనే కరిగిపోయేవి. సెలవు రోజుల్లోనూ యూనిఫాం వేసుకుని, పెట్టె పక్కన పెట్టుకుని, ఎవరైనా రాకుండా పోతే బాగుండునని దేవుణ్ణి వేడుకునే ఉద్యోగం అది.

బేస్ ఊళ్ళో అతనిలాంటి ఆరుగురు కలిసి ఒక ఫ్లాటు అద్దెకు తీసుకున్నారు. మంచాలు నాలుగే, ఆరుగురూ ఒకేసారి ఉండరు గదా అని. ఎవరి దుప్పటి వాళ్ళది, దిండు మాత్రం అందరిదీ. ఫ్రిజ్‌లో ప్రతి డబ్బా మీదా ఎవరికి వాళ్ళు పేరూ తారీకూ రాసుకునేవాళ్ళు, అయినా పెరుగు మాయమయ్యేది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. ఆ ఫ్లాటుకు 'సత్రం' అని పేరుపెట్టింది అందులో పాతకాపు. ఆయన్ను అందరూ తాతగారు అనేవాళ్ళు. తల నెరిసి, రిటైరవడానికి రెండేళ్ళున్న మనిషి. పదకొండేళ్ళుగా సత్రవాసి.

"మా ఇంట్లో నాకు కొత్త టవలు ఇస్తారోయ్," అనేవాడు తాతగారు నవ్వుతూ. "చుట్టాలకిచ్చే టవలు. మా ఆవిడ బీరువాలోంచి తీసి మరీ ఇస్తుంది."

అందరూ నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు.

మొదట్లో రోజూ సాయంత్రం ఫోన్లో చెక్‌లిస్టు నడిపారు. కుదరలేదు. ఫోన్లో మాట అటు వెళ్ళి ఇటు వచ్చేసరికి క్షణం ఆలస్యం. పిల్ల ప్రశ్న, అతని జవాబు ఒకదాని మీద ఒకటి పడేవి. తూకం తప్పేది, తప్పగానే నత్తి వచ్చి కూర్చునేది. నెమ్మదిగా పిల్ల ఫోన్లో "ఊ", "ఊహూ" లకు దిగింది. ఆ రెంటికీ నత్తి ఉండదు మరి. ఇక మిగిలింది ఇంటికొచ్చినప్పటి చెక్‌లిస్టే, గుమ్మం దగ్గర, బయలుదేరే పూట. అప్పుడు మాత్రం గువ్వ తడబడేది కాదు. రెండేళ్ళు కాస్తా మూడున్నరేళ్ళయినా, తొమ్మిదేళ్ళు నిండినా, ఆ నోటుబుక్కు అట్ట ఊడి బైండింగ్ టేపుతో నిలబడ్డా, ఆ ఒక్క చోట ఆ పిల్ల మాట నీళ్ళలా వచ్చేది. వాళ్ళ తరగతి టీచరు ఒకసారి ఇంటికొచ్చినప్పుడు అది చూసి ఆశ్చర్యపోయింది.

ఈలోగా అతనికి ప్రమోషనొచ్చింది. భుజం మీద మూడు గీతలు పోయి నాలుగొచ్చాయి. కో-పైలట్ కాస్తా కెప్టెన్ అయ్యాడు. ఎడమవైపు సీటులో కూర్చున్న మొదటి రోజు, మొహమాటం మాని అద్దంలో తన భుజాలు తానే చూసుకున్నాడు. చూసుకోనివ్వండి. ఇరవై ఏళ్ళ కష్టం.

ఆ తర్వాత సరిగ్గా ఏడాదికి, అతని సొంత ఊళ్ళో కంపెనీ కొత్త బేస్ తెరుస్తున్నట్టు కాగితం వచ్చింది. కెప్టెన్ల సీట్లు ఆరు, కో-పైలట్ల సీట్లు పద్నాలుగు. కావలసినవాళ్ళు తమ కోరికలను వరుసక్రమంలో రాసి పంపాలి. కంప్యూటరు సీనియారిటీ నంబరు ప్రకారం ఒక్కొక్కరి కాగితం తీస్తుంది. మొదటి వరుసలో రాసింది ఖాళీగా ఉంటే అదే ఇస్తుంది. లేకపోతే రెండోది. అదీ లేకపోతే మూడోది. ఒకటి దొరికాక కింద వరుస జోలికి పోదు.

ఆ సాయంత్రం ఫోన్లో గువ్వ "ఊ"తో ఆగలేదు. "నా... నాన్నా, ని... నిజంగానా?" అంది. అతను ఫోను చెవికి ఆనించుకుని పూర్తిగా విన్నాడు.

లెక్క అతనికి స్పష్టంగానే ఉంది. సొంత ఊళ్ళో కెప్టెన్ సీటు దొరకడం కష్టం. తనకంటే ముందున్న వాళ్ళు కనీసం తొమ్మిది మంది దాని మీద కన్నేశారు. సొంత ఊళ్ళో కో-పైలట్ సీటు మాత్రం ఖాయం. అంటే ఒక గీత ఊడదీసుకుని కుడివైపు సీటులోకి జరగాలి. జీతం తగ్గుతుంది, అయినా పాత చిన్న కంపెనీ జీతం కంటే ఎక్కువే. ఆ పాత జీతంతో బతికినవాళ్ళే కదా వాళ్ళు.

గడువు రోజు పదకొండు గంటలకు సత్రంలో మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి వరుసలో సొంత ఊరు, కెప్టెన్ అని కొట్టాడు. అది తప్పదు. రెండో వరుస దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

తాతగారు షూ పాలిష్ చేసుకుంటూ అడిగాడు. "ఏంటోయ్, ఇంకా తేల్లేదా?"

"రెండోది ఏం రాయాలా అని చూస్తున్నానండీ. ఇంటి దగ్గర కో-పైలట్ రాస్తే ఖాయంగా వచ్చేస్తుంది."

"వస్తుంది. వచ్చాక? నిన్నటిదాకా నీ పక్కన కూర్చుని నీకు సర్ సర్ అన్న కుర్రాడికి నువ్వు సర్ అనాలి. అనగలవా?" తాతగారు బ్రష్ ఆపాడు. "నేను అనలేననే కదా ఇన్నేళ్ళూ రాయలేదు. చూసుకో మరి. నేను చెప్పానని మాత్రం రాయకు."

అతను రెండో వరుసలో ఇప్పుడున్న బేస్, కెప్టెన్ అని రాశాడు. మూడో వరుసలో సొంత ఊరు, కో-పైలట్ అని రాశాడు. ఇప్పుడున్న సీటు అతని చేతిలోనే ఉంది గనక కంప్యూటరు రెండో వరుస దాటి కిందికి రానే రాదు. మూడో వరుస రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే రాశాడు.

పన్నెండింటికి భార్య స్కూలు నుంచి ఫోన్ చేసింది.

"మన ఊరు రాశారా?"

"రాశాను."

"కో-పైలట్‌గా కూడా రాశారా? అదైనా చాలు మనకి."

"అదీ రాశాన్లే."

అబద్ధం ఒక్కటి కూడా లేదు చూడండి. లోకంలో సగం మోసాలు ఇలా నిజాలతోనే జరుగుతాయి.

పదిరోజుల తర్వాత ఫలితాలొచ్చాయి. సొంత ఊళ్ళో ఆరు కెప్టెన్ సీట్లూ సీనియర్లకు పోయాయి. అతను ఉన్నచోటే ఉన్నాడు. మళ్ళీ ఇలాంటి అవకాశం రెండేళ్ళకు. భార్యకు "రాలేదు" అని చెప్పాడు. ఆమె, "పోనీలెండి, మీరు మాత్రం ఏం చేస్తారు. మన రాత," అంది. ఆ ఓదార్పు అతనికి చెప్పుదెబ్బకంటే గట్టిగా తగిలింది. అయినా నోరు విప్పలేదు. వైద్యురాలు మాత్రం బాధపడిందట. పిల్ల పన్నెండేళ్ళు దాటేలోగా పట్టు చిక్కకపోతే తర్వాత కష్టమని ఆవిడ ఎప్పటినుంచో అంటోంది.

ఆ నెల ఇంటికొచ్చిన మూడో రోజు, ఆదివారం ఉదయం, నాలుగిళ్ళవతల ఉండే, అదే కంపెనీలో పనిచేసే యువ పైలట్ మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చాడు. మనిషి మంచివాడే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. అతని సీనియారిటీ మన కెప్టెన్ కంటే రెండు వందల నంబర్లు కింద.

"అక్కా, మిఠాయి తీసుకోండి. నాకు మన ఊరే వచ్చింది!" అని భార్య చేతిలో పెట్టె పెట్టాడు. తర్వాత అతని వైపు తిరిగి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీకు థాంక్స్ చెప్పాలి సర్. పద్నాలుగో సీటు, ఆఖరిది నాకొచ్చింది. మీరు అడిగుంటే నాకు వచ్చేదే కాదు."

భార్య చేతిలోని పెట్టె మూత తెరవబోయి ఆగింది.

"మీ సర్ అడిగారు కదా," అంది.

"లేదక్కా. అడిగుంటే రాకుండా ఎలా ఉంటుంది? సర్ నా కంటే ఎంత సీనియరో..." అంటూ ఇద్దరి మొహాలూ చూసి, మాట మింగేశాడు. మరో రెండు నిమిషాలు ఎండల గురించి మాట్లాడి వెళ్ళిపోయాడు.

గువ్వ భోజనాల బల్ల దగ్గర హోంవర్కు చేసుకుంటోంది. పెన్సిలు ఆగింది.

"ఆ కాగితం చూపించండి," అంది భార్య.

అతను ఫోన్లో తీసి ఇచ్చాడు. ఆమె లెక్కల టీచరు. మూడు వరుసలు అర్థం కావడానికి ఆమెకు ఎంతసేపో పట్టలేదు. రెండుసార్లు చదివి ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

"కెప్టెన్ సీటు వదులుకోవడమంటే ఏమిటో నీకు తెలీదు," అన్నాడు అతను. "ఇరవై ఏళ్ళు..."

"తెలీదండీ. నిజంగా తెలీదు. వదులుకోనని నాతో అంటే సరిపోయేది. నేను ఏడ్చి, ఊరుకుని, రెండేళ్ళకి సిద్ధపడేదాన్ని." ఆమె గొంతు పెరగలేదు. "మూడే మూడు వరుసలు కదా. మమ్మల్ని రెండో వరుసలో పెట్టడానికి కూడా చేతులు రాలేదా?"

మర్నాడు అతను కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేసి, మార్చుకునే వీలుందా అని అడిగాడు. అవతలావిడ మర్యాదగా, గడువు అయిపోయిందండీ అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. సెలవుల్లో మిగిలిన రోజులు ఇంట్లో ముగ్గురూ మెత్తగా నడిచారు. భార్య బీరువాలోంచి కొత్త టవలు తీసి స్నానాల గదిలో పెట్టింది. పాతది చిరిగిందని పెట్టిందో, మరెందుకో. అతను అడగలేదు, దాంతో తుడుచుకోనూ లేదు.

వెళ్ళే రోజు ఉదయం ఎనిమిదింటికి టాక్సీ వచ్చింది. ఫోన్లో చూస్తే విమానంలో మిగిలింది ఒకే సీటు. అతనిలాంటివాళ్ళు ఇంకెంతమంది కౌంటరు ముందు నిలబడి ఉంటారో తెలియదు. ఈ విమానం తప్పితే మధ్యాహ్నం దాకా లేదు. ఈసారి ఒక రోజు ముందే బయలుదేరడానికి మనసొప్పలేదు, సాయంత్రమే డ్యూటీ.

గుమ్మం దగ్గర గువ్వ నోటుబుక్కుతో నిలబడింది. వస్తుందో రాదో అని అంతవరకూ అతను భయపడుతూనే ఉన్నాడు. వచ్చింది. ఆ క్షణంలో గుండెల మీద బరువు సగం దిగిపోయింది. గొంతుక్కూర్చున్నాడు.

"లైసెన్స్?"

"ఉంది."

"మెడికల్ కాగితం?"

"ఉంది."

"కళ్ళజోడు?"

"రెండున్నాయి."

బొటనవేలు ఆఖరి వరుస కిందికి జరిగింది.

"తి..." అని ఆగింది.

ఇన్నేళ్ళలో ఆ నోటుబుక్కు దగ్గర ఎప్పుడూ ఆగలేదు. కళ్ళు గట్టిగా మూసుకుంది. "తి... తి..." మెడ నరం బిగిసింది. వెనక గుమ్మానికి ఆనుకుని భార్య నిలబడి ఉంది. ఒకప్పుడు మాటలు అందించిన మనిషే, ఇప్పుడు పెదవి పంటికింద పెట్టుకుని కదలకుండా నిలబడింది. ఈ నాలుగేళ్ళలో ఆమె ఆగడం నేర్చుకుంది. నేర్చుకోక తప్పలేదు.

టాక్సీవాడు హారన్ కొట్టాడు.

"తి... తి..."

అతని కళ్ళు చేతి గడియారం మీదికి వెళ్ళాయి. ఎనిమిది దాటి తొమ్మిది నిమిషాలు. కౌంటరు మూసేది ఎనిమిదీ నలభైకి. ఇంకోసారి హారన్.

"తిరిగి రాక," అన్నాడు అతను. "పద్దెనిమిదో తారీకు తల్లీ."

అన్నాక తెలిసింది ఏమన్నాడో.

గువ్వ కళ్ళు తెరిచింది. అతని మొహం వైపు చూడలేదు. నోటుబుక్కు మూసి, ఊడిన టేపు వేలితో అతికించి, లోపలికి వెళ్ళిపోయింది. చెక్‌లిస్ట్ పూర్తయిందని అనలేదు.

"గువ్వా," అని పిలిచాడు. భార్య గుమ్మంలోంచి పక్కకు జరగలేదు.

"వెళ్ళండి. సీటు పోతుంది," అంది.

అతను ఎనిమిదీ ముప్పైకే కౌంటరు దగ్గరున్నాడు. తనలాంటివాళ్ళు ఇంకెవరూ రాలేదు. సీటు ఇచ్చారు, ఆఖరి వరుసలో, బాత్రూం పక్కన. రావలసిన విమానం ఆలస్యమైందని, బయలుదేరడానికి ఇంకో గంట పడుతుందని కౌంటరులో అమ్మాయి చెప్పింది. గేటు ముందు కుర్చీలో, పెట్టె మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఆ గంటసేపూ అతను ఊరికే కూర్చున్నాడు.